దుప్పికి ఆడపిల్ల కావాలి

"మనుషులక్కూడా చేస్తారంటగా అమ్మా?"

పొద్దున్నించి ఇలా అడిగినవాళ్ళు ఎంతమందో రామతులసి లెక్కపెట్టడం మానేసింది. గడ్డి ట్రాక్టరు డ్రైవరు అడిగాడు. ఎలిమెంటరీ స్కూలు మేష్టారు సైకిలు దిగి, కళ్ళజోడు తుడుచుకుని, ఎవరో తెలిసినవాళ్ళ కోసమన్నట్టు అడిగాడు. పాలకేంద్రం గుమాస్తా ఫోన్ చేసి మరీ అడిగాడు. ఇప్పుడు అడుగుతున్నది కోడిగుడ్ల కొట్టు ఆవిడ.

"చెయ్యరండి. చెయ్యకూడదు. జైల్లో పెడతారు."

"మరి దుప్పులకి చేస్తే పెట్టరా?"

దీనికి రామతులసి దగ్గర జవాబుంది గానీ ఓపిక లేదు. గుడ్ల అట్ట చంకలో పెట్టుకుని దుప్పుల పార్కు వైపు నడిచింది. ఆ గుడ్లు కూడా ఒక గొడవే. పచ్చసొన కలిపితేగాని దుప్పి వీర్యం చలికి తట్టుకోదు. ఆఫీసులో రోజూ ఆమ్లెట్లు వేసుకు తింటున్నారని ఊరంతా పుకారు.

తప్పంతా పేపరువాళ్ళది. కోరుకొండ అవతల జీడిమామిడి తోటల మధ్య కంచె వేసి పెంచుతున్న చుక్కల దుప్పుల్లో మగవి ఎక్కువైపోయాయి. ఒకదాన్నొకటి పొడుచుకు చస్తున్నాయి. అందుకని మంచి పోతుదుప్పిని చూసి దాని వీర్యం తీసి, హైదరాబాదు పంపి, అక్కడి మిషన్లో ఆడ విత్తూ మగ విత్తూ వేరు చేయించి, ఆడ విత్తుని మాత్రం సన్నటి గొట్టాల్లో గడ్డకట్టించి తెప్పించుకుని, ఎదకొచ్చిన ఆడదుప్పులకి ఎక్కించాలన్నది ప్రయోగం. సంగతి అంతే. పేపరువాడు జిల్లా ఎడిషన్లో "కోరుకున్న సంతానం ఇక కోరుకొండలోనే" అని అడ్డంగా అచ్చేశాడు. పక్కన పశువుల డాక్టరు చంద్రరావు ఫొటో. ఆయన ఆ ఫొటో చూసుకుని మొదటిరోజు మురిసిపోయి, రెండోరోజు నుంచీ వెనక గుమ్మంలోంచి వచ్చి వెనక గుమ్మంలోంచే పోతున్నాడు. జనానికి జవాబు చెప్పే పని టెక్నీషియన్ రామతులసి మీద పడింది.

లాబ్ తలుపు తీసి, గుడ్లు ఫ్రిజ్‌లో పెట్టి, నైట్రోజన్ క్యాను దగ్గరికి వెళ్ళింది. మూత ఎత్తగానే తెల్లటి పొగ అంచుల మీంచి పొర్లి కాళ్ళ దగ్గర పాకింది. చెక్క స్కేలు లోపలికి ముంచి, కాసేపుంచి, బయటికి తీసి గాల్లో ఊపింది. మంచు ఎంతవరకు పట్టిందో అంతవరకు ద్రవం ఉన్నట్టు. అడుక్కి దిగింది.

"బుల్లియ్యా, రాజమండ్రి నుంచి నైట్రోజన్ రేపైనా తెస్తాడా వాడు?"

"ఆయ్, తెత్తానన్నాడండి." వాచర్ బుల్లియ్య గుమ్మంలో నిలబడి తలగోక్కున్నాడు. "మేడంగారూ, మా మేనల్లుడికి ముగ్గురూ ఆడపిల్లలేనండి. ఆడు తాగుడికి తిరుగుతున్నాడండి ఆ దిగులుతో. ఏవన్నా చిన్న గొట్టం..."

"మీ మేనల్లుడు పెళ్ళికి ముందు తాగేవాడు కాదా?"

"తాగేవోడేననుకోండి."

"అప్పుడు దేని దిగులు?"

బుల్లియ్య నవ్వేసి దుప్పులకి ఉలవలు వెయ్యడానికి పోయాడు. రామతులసికి నవ్వు రాలేదు. ఈ పార్కులో ప్రతివాడికీ దుప్పికి ఆడపిల్లే పుట్టాలి. ఇంటికి పోతే గేదెకి పెయ్యదూడ పుట్టాలి. అందరికీ అన్నిట్లోనూ ఆడదే కావాలి, ఒక్క పెళ్ళాం కడుపులో తప్ప. మూత బిగిస్తుంటే చేతులకి చలి ఎక్కింది, నెత్తికి వేడెక్కింది.

అప్పుడు వచ్చింది శ్రీదుర్గ. రామతులసి బాబాయి కూతురు. పార్కుకి పచ్చిగడ్డి అమ్మే పెదబాబు కోడలు. ఎండలో నడిచి రావడంతో మొహం కందిపోయింది. కుర్చీ చూపించినా కూచోలేదు.

"అక్కా, శుక్రవారం పెద్దమనుషుల్ని పిలిచాడు మావయ్య."

"దేనికే?"

"మా ఆయనకి సంబంధం చూశారు. నిడదవోలు వైపు. రెండో పెళ్ళే అయినా ఇస్తామన్నారంట. నన్నూ పిల్లల్నీ పాలకొల్లులో అమ్మ దగ్గరికి పంపించేస్తారంట. పెద్దమనుషుల ముందు నేను ఒప్పుకున్నట్టు చెప్పాలంట."

"మీ ఆయనేమంటాడు?"

"ఆయనేమంటాడు. భోజనం చేసి చెయ్యి కడుక్కుంటాడు." శ్రీదుర్గ కొంగుతో మెడ తుడుచుకుంది. "మావయ్య కనీసం మాట్లాడతాడు. అత్తయ్య అయితే రోజుకోసారి వాకిట్లో నిలబడి అందరికీ వినపడేలా, 'మా ఇంటికి ఎండిపోయిన కొమ్మ దొరికింది' అంటది. ఇద్దర్ని కన్నాను అక్కా. ఎండిపోవడం ఏంటి?"

రామతులసి ఒక్కక్షణం కూడా ఆలోచించలేదు. కోపం వస్తే ఆమెకి ఆలోచన అక్కర్లేదు.

"బుధవారం పోతుదుప్పికి వీర్యం తీస్తున్నాం. మీ మావయ్యనీ మీ ఆయన్నీ రమ్మంటాను. ఆడా మగా తేల్చేది ఎవరో కళ్ళారా చూపించి పంపిస్తాను. మిషన్ అబద్ధం చెప్పదు కదా. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని నిన్ను పంపుతారో చూస్తాను."

"వాళ్ళు వింటారా?"

"దుప్పి మాట అయితే వింటారే. మన మాటే వినరు."

*

బుధవారం పొద్దున్నే పెదబాబు వచ్చాడు. పార్కుకి గడ్డి వేసేవాడు కాబట్టి గేటు దగ్గర అడిగేవాళ్ళు లేరు. వెనకాల కొడుకు గణేష్‌బాబు, ఇస్త్రీ చేసిన చొక్కా, జేబులో సెల్‌ఫోను. నలుగురు ఆడపిల్లల తర్వాత పుట్టిన కొడుకు. నడిచేటప్పుడు కూడా ఎవరో తనకోసం తలుపు తీసిపెడతారన్నట్టు నడుస్తాడు.

"ఏం తులసమ్మా, ఏదో చూపిస్తానన్నావంట?"

"రండి మావయ్యగారూ. కంచె దగ్గర కాస్త చప్పుడు చెయ్యకుండా నిలబడండి."

డాక్టరు చంద్రరావు మత్తుమందు బాణం గొట్టంలో పెట్టి ఊదాడు. పెద్దకొమ్ముల పోతు తొడ మీద ఎర్రటి కుచ్చు మెరిసింది. అది ఒక్క గెంతు గెంతి, కంచె వెంట పరిగెత్తి, మెల్లగా నడక తడబడి, ముందు మోకాళ్ళ మీద, తర్వాత పక్కకి ఒరిగింది. బుల్లియ్య పరిగెత్తి కళ్ళకి గుడ్డ కట్టాడు. కొమ్ములకి తాడు చుట్టి ఒకడు పట్టుకున్నాడు. రామతులసి దాని నాలుక బయటికి లాగి పక్కకి పెట్టింది, ఊపిరికి అడ్డం పడకుండా. ముక్కు దగ్గర చెయ్యిపెట్టి గాలి చూసుకుంది. తర్వాత బకెట్లో గోరువెచ్చని నీళ్ళు, డెట్టాలు, గుడ్డ.

డాక్టరు తన పెట్టెలోంచి కడ్డీ తీశాడు. అరచెయ్యంత పొడుగు, బొటనవేలికి రెండింతలు లావు, వంటిమీద రాగి పట్టీలు. దానికి వైరు. వైరుకి బ్యాటరీ డబ్బా. కడ్డీకి జెల్లీ పూశాడు.

"అది ఎక్కడ పెడతారండి?" అన్నాడు గణేష్‌బాబు.

ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. డాక్టరు తోక ఎత్తాడు.

డబ్బా మీద మీట తిప్పినప్పుడల్లా పోతు వెనక కాళ్ళు రెండూ బిర్రుగా సాగి మళ్ళీ వదులయ్యేవి. మళ్ళీ మీట. మళ్ళీ సాగేవి. మత్తులో ఉన్నా సరే దాని గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది. రామతులసి మోకాళ్ళ మీద కూచుని గాజుగొట్టం పట్టుకుంది. గణేష్‌బాబు తన చొక్కా కింది బొత్తాం పట్టుకుని తిప్పుతున్నాడు. కాసేపటికి మొహం తిప్పి జీడిమామిడి చెట్లవైపు చూస్తూ నిలబడ్డాడు. పెదబాబు మాత్రం రెప్ప వెయ్యలేదు. పశువుల సంతలో పళ్ళు చూసే మనిషి అలాగే చూస్తాడు.

గొట్టం అడుగున పాలమీగడ రంగు చుక్క నిలిచింది. పోతుకి విరుగుడు సూది ఇచ్చారు. అది తల ఎత్తి, తూలి, లేచి, ఎవరినీ చూడకుండా చెట్ల వెనక్కి పోయింది.

లాబ్‌లో రామతులసి ఒక చుక్క గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టింది. పెదబాబు వంగి ఒంటికన్నుతో చూశాడు. కండువా జారిపోయింది.

"అబ్బో. వరద నీళ్ళలో చేపపిల్లల్లా ఉన్నాయే."

"వాటిల్లో సగం ఆడవి, సగం మగవి మావయ్యగారూ. చూస్తే తేడా తెలీదు. ఆడవాటిలో సరుకు ఒక పిసరు ఎక్కువుంటుంది. రంగు పట్టించి వెలుగు కొడితే ఆడది కాస్త ఎక్కువ మెరుస్తుంది. హైదరాబాదు మిషన్ ఆ మెరుపు చూసి, ఒక్కోదాన్నీ వేరు చేస్తుంది."

"ఆడదే బరువా?"

"ఆడదే బరువు."

"మరి ఆడదుప్పి నుంచి వచ్చేదో? అందులో మగది ఉండదా?"

"ఉండదు. దాని గుడ్డులో ఎప్పుడూ ఒకటే రకం. పోతు నుంచి ఏది ముందొచ్చి కలిస్తే అది. ఆడదుప్పి చెయ్యగలిగింది ఏమీ లేదు. మోస్తుంది, ఈనుతుంది. అంతే." రామతులసి ఊపిరి తీసుకుంది. "మనుషుల్లోనూ ఇంతే మావయ్యగారూ. ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు."

పెదబాబు మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి నడుం పట్టుకున్నాడు. జారిన కండువా భుజాన వేసుకున్నాడు.

"అంటే పోతుదే అన్నమాట," అన్నాడు చివరికి.

"పోతుదే."

"మరి ఈ మాట ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదేంటి?"

స్కూల్లో చెప్తారు, రేడియోలో చెప్తారు, ఆస్పత్రి గోడ మీద రాసుంటుంది అని నోటిదాకా వచ్చింది. కానీ గెలిచినదాన్ని పోట్లాటతో పాడుచేసుకోవడం దేనికని ఊరుకుంది. గణేష్‌బాబు అప్పటికే బయటికెళ్ళి మోటారు సైకిలు స్టార్ట్ చేశాడు.

ఆ సాయంత్రం సాంపిల్ డబ్బాని మంచుముక్కల మధ్య సర్ది హైదరాబాదు బండికి పంపించి వచ్చాక, రామతులసి శ్రీదుర్గకి ఫోన్ చేసింది.

"పనైపోయిందే. మీ మావయ్యకి ఎక్కింది. పోతుదే అన్నాడు, తన నోటితో తనే."

అవతల శ్రీదుర్గ ఏం అనలేదు. అత్తగారు పక్కనుందేమో అనుకుని రామతులసి పెట్టేసింది.

*

గురువారం మధ్యాహ్నం నైట్రోజన్ వచ్చింది. రామతులసి చేతులకి తొడుగులు వేసుకుని పెద్ద క్యానులోంచి చిన్న క్యానులోకి వొంపుతోంది. ద్రవం గరాటులో బుసకొడుతోంది. ఇలాంటప్పుడు పక్కకి చూడకూడదు. పెదబాబు గొంతు వినపడింది. చూడలేదు. కుర్చీ లాగిన చప్పుడు. చూడలేదు.

"డాక్టరుగారూ, బాగా ఆలోచించాను," అన్నాడు పెదబాబు. "రాత్రి పెద్దమనుషుల్లో వెంకటరాజుతోనూ చెప్పాను. ఊళ్ళో అందరికీ చెప్తున్నాను. దోషం కోడలిది కాదు, పోతుదే. మనం ఇన్నాళ్ళూ తప్పుగా అనుకున్నాం."

డాక్టరు చంద్రరావు సంతోషపడ్డాడు. "చాలా మంచిదండి. మీలాంటి పెద్దలు చెప్తే..."

"గాబట్టి మావాడిదే వడగట్టించండి."

గరాటులో ద్రవం పొంగి నేలమీద పడింది. చిటపటలాడుతూ పొగై పోయింది. రామతులసి క్యాను కింద పెట్టేసింది.

"ఏంటండీ?"

"అదేనమ్మా. నువ్వే చూపించావుగా. సగం ఆడవి, సగం మగవి. వేరుచేసే మిషన్ ఉంది. ఆడవి పారబోసి మగవి ఉంచమను. కోడలికి ఎక్కించెయ్యండి. ఇంక రెండో పెళ్ళి దేనికి, ఖర్చు దండగ?"

"మావయ్యగారూ, అది నేరం. చట్టం ఉంది. చేసినవాళ్ళనీ చేయించుకున్నవాళ్ళనీ లోపలేస్తారు."

"చట్టాలు నాకు చెప్పకు. చట్టం ప్రకారం రెండో పెళ్ళీ నేరమే. శుక్రవారం నలుగురూ కూచుంటే అయిపోదూ?"

"మేం చెయ్యమండి," అన్నాడు డాక్టరు. చెప్పిన తీరులో బలం లేదు. జ్వరమొచ్చిన మనిషి అన్నం వద్దన్నట్టు చెప్పాడు.

"మీరు చెయ్యద్దు. విజయవాడలో చేసేవాడున్నాడని వెంకటరాజు తోడల్లుడు చెప్పాడు. సాంపిల్ పంపితే ఎక్కడికో పంపి చేయించుకొస్తాడంట. అబద్ధమో నిజమో, డబ్బు తీసుకుంటాడు గాబట్టి చేస్తాడు. రేపు పెద్దమనుషుల ముందు మీరిద్దరూ వచ్చి, మా కోడలికి, వియ్యపురాలికి, అందరికీ అర్థమయ్యేలా ఒక్కమాట చెప్పండి చాలు. నిన్న నాకు చెప్పినట్టే. అప్పుడు ఎవరికీ అనుమానం ఉండదు." లేచి, రామతులసి వైపు చూసి, నిజమైన ఆప్యాయతతో అన్నాడు: "నీ రుణం తీర్చుకోలేనమ్మాయ్. కోడలి కాపురం నిలబెట్టావు."

ఆయన పోయాక డాక్టరు, రామతులసి ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

"నేను చెప్పింది తప్పాండి?" అంది రామతులసి.

"ఒక్క ముక్క తప్పు లేదమ్మా. అదే గొడవ."

ఇంటికి పోయేటప్పుడు దారిలో శ్రీదుర్గ ఎదురుచూస్తోంది. కల్వర్టు గోడమీద కూచుంది. చిన్నకూతురు ఒళ్ళో నిద్రపోతోంది, పెద్దది నీళ్ళలోకి రాళ్ళు వేస్తోంది. రామతులసిని చూసి లేవలేదు.

"చెప్పావుగా, మిషన్ అబద్ధం చెప్పదని."

"ఒసే, నేననుకోలేదే ఇలా తిప్పుతాడని."

"నువ్వెందుకు అనుకుంటావు. సైన్సు నీది, ఒళ్ళు నాది." శ్రీదుర్గ గొంతు పెంచలేదు. పిల్ల లేస్తుందని. "మొన్నటిదాకా పొమ్మనేవాళ్ళు. పోయేదాన్ని. పాలకొల్లులో బట్టల కొట్లో పన్జేసుకు బతికేదాన్ని. ఇప్పుడు పోనివ్వరు. విజయవాడ తీసుకెళ్ళి ఎవడో సూదులు పొడుస్తాడు. ఈసారీ ఆడపిల్లయితే? అప్పుడింకో గొట్టం. అది కాకపోతే ఇంకోటి. మగపిల్లాడు పుట్టిందాకా. అత్తయ్య ఇవాళ నాకు పాలు ఇచ్చింది తాగమని, మొదటిసారి. దానికే భయమేసింది నాకు."

చదివిన పుస్తకాలు, పెట్టుకున్న తొడుగులు, చెక్క స్కేలు, అన్నీ ఎందుకూ పనికిరానట్టు రామతులసికి అనిపించాయి. చెప్పాల్సింది చెప్పింది. వినాల్సినవాడు విన్నాడు. అర్థం కూడా చేసుకున్నాడు. ఇంతకంటే ఏం చేస్తారు మనుషుల్ని? తల బద్దలు కొట్టి చూడాలా, లోపల ఏ మిషన్ తిరుగుతోందో?

"రేపు నేను రాను," అంది.

"నువ్వు రాకపోయినంత మాత్రాన ఏం ఆగదక్కా. మొదలెట్టావు, రా." శ్రీదుర్గ పిల్లని భుజాన వేసుకుని లేచింది.

*

శుక్రవారం పెదబాబు ఇంటి అరుగు మీద నులకమంచాలు వేశారు. వెంకటరాజు, ఇంకో ముగ్గురు పెద్దమనుషులు. పాలకొల్లు నుంచి శ్రీదుర్గ తల్లి వచ్చి స్తంభం పక్కన కూచుంది. గుమ్మం లోపల, సగం తలుపు చాటున పెదబాబు భార్య సూరమ్మ. ఆమె వెనక ఎక్కడో శ్రీదుర్గ గాజుల చప్పుడు. గణేష్‌బాబు మంచం పట్టె మీద కూచుని సెల్‌ఫోన్లో ఏదో నొక్కుతున్నాడు.

డాక్టరు చంద్రరావు లేచి, ముందుగా ఇది చట్టరీత్యా నేరమని చెప్పాడు. పెద్దమనుషులు తలలూపారు. ఇలాంటివి మొదట్లో చెప్పాల్సిందే, పెళ్ళిలో గణపతి పూజ లాగా, అన్నట్టు ఊపారు. తర్వాత వెంకటరాజు దగ్గాడు.

"ఇంతకీ పోతుదే అంటావు పెదబాబూ?"

"పోతుదే బావా. నేను కళ్ళతో చూశాను. ఆడది మోస్తుంది, ఈనుతుంది. అంతే."

రామతులసికి తన మాటే అచ్చంగా తన చెవిలో పడింది. అక్కడే నేల చీలితే బాగుండుననిపించింది. కానీ అరుగు గట్టిది.

"గాబట్టి," అన్నాడు పెదబాబు, "రెండో సంబంధం మాట మానేద్దాం. పోతుది మారకుండా ఎంతమందిని తెచ్చినా అదే. మావాడి సాంపిల్ తీసి విజయవాడ పంపిద్దాం. సోమవారం మంచిది. ఏరా?"

గణేష్‌బాబు ఫోన్లోంచి తల ఎత్తాడు. "సాంపిలా? ఎవరు తీస్తారు?"

"విజయవాడలో తీస్తారు. లేకపోతే మన డాక్టరుగారి దగ్గరే..."

"నేను పశువుల డాక్టర్నండీ!" అన్నాడు చంద్రరావు, అదిరిపడి.

గణేష్‌బాబు చొక్కా కింది బొత్తాం వేళ్ళతో వెతికాడు. తర్వాత డాక్టర్ని కాకుండా రామతులసిని అడిగాడు. ఆడమనిషి కాబట్టి చిన్నగా అడిగాడు. అయినా అరుగు మీద అందరికీ వినపడింది.

"వదినగారూ... దుప్పికి చేసినట్టేనాండి?"

డాక్టరు చంద్రరావు నోరు తెరిచాడు. కాదండీ, మనుషులకి అదేం అక్కర్లేదు, ఒక గదిలో ఒక డబ్బా ఇస్తారు అని చెప్పడానికి తెరిచాడు. అది రామతులసికి తెలుసు. వారం నుంచీ ఈ ఊళ్ళో ఎవరు ఏ తప్పు మాట అన్నా అక్కడికక్కడే దిద్దిన మనిషి ఆమె. గుడ్ల కొట్టావిడని దిద్దింది, మేష్టార్ని దిద్దింది, పేపరువాడికి ఫోన్ చేసి దిద్దింది. ఈ ఒక్క తప్పూ దిద్దడానికి ఆమెకి ఒక్క వాక్యం చాలు.

"దుప్పికైతే మత్తిస్తామండి," అంది.

అరుగు మీద గాలి ఆగిపోయింది.

డాక్టరు తెరిచిన నోరు అలాగే మూసుకున్నాడు. ఆయన దగ్గు వచ్చినట్టు జేబురుమాలు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చింది. వెంకటరాజుకి సంగతి తెలీక, "ఏం చేస్తారేంటి దుప్పికి?" అని అడిగాడు. పెదబాబు ఆయన చెవిలో చెప్పాడు. చెప్తుంటే వెంకటరాజు కూచున్న మంచం మీదే కాస్త సర్దుకున్నాడు. పక్కాయన చెవిలో ఆయన చెప్పాడు. అలా నాలుగు మంచాలూ తిరిగింది ఆ మాట. ఎవడూ గణేష్‌బాబు వైపు చూడలేదు.

"కరెంటా?" అన్నాడు ఒకాయన.

"బ్యాటరీ," అన్నాడు పెదబాబు.

గణేష్‌బాబు లేచి నిలబడ్డాడు. మొహం తెల్లటి ఇస్త్రీ చొక్కా రంగులోకి వచ్చింది. "నాకేం తొందర లేదు నాన్నా. ఇద్దరున్నారుగా పిల్లలు. వాళ్ళని చదివిద్దాం. ఇప్పుడేమైందని ఇదంతా?"

"మరి మొన్న నిడదవోలు సంబంధం చూడమన్నావుగా?"

"నేనా? మీరే అన్నారు." చెప్పులేసుకున్నాడు. "చేలోకి నీళ్ళు పెట్టాలి," అని మెట్లు దిగిపోయాడు. అతను ఎప్పుడూ చేలోకి నీళ్ళు పెట్టి ఎరగడు.

పెదబాబు కొడుకు పోయిన దారివైపు చూసి, కండువాతో మొహం ఒత్తుకున్నాడు. శ్రీదుర్గకి ఆస్పత్రులు, స్కానింగులు, కోరుకొండ మెట్లు మోకాళ్ళతో ఎక్కడాలు, ఆకు పసర్లు అన్నీ ఈ అరుగు మీదే నిర్ణయమయ్యాయి. అప్పుడెవరికీ గాలి ఆగలేదు. రామతులసి ఆ మాట అందామనుకుంది. నాలుకమీదికి వచ్చింది కూడా. కానీ ఇవాళ ఆమెకి మొదటిసారి, పెదవి బిగించి కూచోవడంలో ఉన్న రుచి తెలిసింది.

"నిడదవోలు వాళ్ళకి ఏం చెప్తావు మరి?" అన్నాడు వెంకటరాజు.

"ఏం చెప్తాం బావా. పోతుదే అని ఊరంతా చెప్పుకొచ్చాను." పెదబాబు గొంతు మెత్తబడింది. "ఇప్పుడు ఇంకో ఆడపిల్లని తెచ్చి మాత్రం ఏం ప్రయోజనం?"

"ఏం లేదు."

"ఏం లేదు మరి."

శ్రీదుర్గ తల్లి స్తంభం పక్కన కళ్ళు తుడుచుకుంది. మాట ముగిసింది. ముగిసిందని అందరికీ తెలుసు. పెద్దమనుషులు ఇంక ఊళ్ళో సంగతులు మొదలెట్టారు. కాలవ పూడిక, ధాన్యం మిల్లు, కొత్త కరెంటు లైను. కాఫీ వచ్చిందాకా ఏదో ఒకటి మాట్లాడాలి. పెదబాబు ఇంటికొచ్చిన మనిషి కాఫీ తాగకుండా మెట్టు దిగడం ఎవరూ ఎరగరు. ఆ ఇంటి కాఫీ కోసమే పంచాయితీ పొడిగించేవాళ్ళు కూడా ఉన్నారు.

కాలవ పూడిక అయిపోయింది. మిల్లు అయిపోయింది.

"ఏమే, కాఫీలు!" అని కేకేశాడు పెదబాబు.

లోపల్నించి గ్లాసుల చప్పుడు లేదు. తలుపు మాత్రం పూర్తిగా తెరుచుకుంది. సూరమ్మ గుమ్మంలో నిలబడింది. ఎప్పుడూ మగవాళ్ళ ముందు గడప దాటని మనిషి, ఇప్పుడు కూడా దాటలేదు. వేళ్ళు ద్వారబంధం పట్టుకుని ఉన్నాయి.

"అయితే పోతుదేనాండి?" అంది.

"అదేగా ఇందాకట్నించీ..."

"వరసగా నలుగురు ఆడపిల్లలు పుడితే, మీ అమ్మ నన్ను గొడ్లచావిట్లో పడుకోబెట్టింది. నాలుగోదాని పురిటప్పుడు జల్లు కొడుతుంటే గేదె పక్కకి జరిగి పడుకున్నాను. మీరు అరుగు మీద పడుకుని చూస్తానే ఉన్నారు. మరి అప్పుడెందుకు పడుకోబెట్టారండి నన్ను?"

పెదబాబు వెంకటరాజు వైపు చూశాడు, ఆయనేదో చెప్తాడని. వెంకటరాజు మంచం నులకలో వేలు దూర్చి వదులైందో లేదో చూసుకుంటున్నాడు.

సూరమ్మ ఇంకాసేపు నిలబడింది. జవాబు కోసం నిజంగానే ఆగింది. రాలేదు. లోపలికి తిరిగి, "అమ్మాయ్ దుర్గా, ఆ పాలు పొయ్యి మీంచి దించు. పిల్లలకి పొయ్యి, మీ అమ్మకి పొయ్యి, నువ్వూ తాగు," అంది. తలుపు మూసుకుంది.

పెద్దమనుషులు ఒకరి తర్వాత ఒకరు లేచి, మంచాల కింద చెప్పులు వెతుక్కున్నారు. ఎవరూ వెళ్ళొస్తామనలేదు. పెదబాబు అరుగు మీద ఒక్కడే మిగిలాడు. కాఫీ అని మళ్ళీ పిలవలేదు.